మీటరు చెప్పని లెక్క: పాత స్పోర్ట్స్ కారు కొనే ముందు

మా బావమరిదికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఈసారి కౌంటు బాగా వచ్చింది, రేటూ కలిసొచ్చింది. అలాంటి ఏడాది కొందరు పొలం కొంటారు, కొందరు హైదరాబాద్‌లో ఫ్లాటు కొంటారు. వీడు ఒక రాత్రి ఫోన్ చేసి, "బావా, ముంబైలో పోర్షే బాక్‌స్టర్ ఒకటి ఉందంట. 2008 మోడలు. 28 వేలే తిరిగిందంట. ఇన్నోవా డబ్బుల్లో వచ్చేస్తంది" అన్నాడు. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్ గది తలుపుకి అంటించుకున్న బొమ్మ అది. గొంతులో ఆ వయసే వినిపించింది.

నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేలు చేసి బతికినవాణ్ణి. గుద్దిన బండ్లు, మునిగిన బండ్లు, తగలబడిన బండ్లు చూడటమే నా పని. అందుకని నన్ను అడిగాడు: "పోర్షే నమ్మకమైన బండేనా?"

అవునన్నా నిజమే, కాదన్నా నిజమే. ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. ఆ మోడల్ పుట్టుక ఎలాంటిది? ఈ ఒక్క బండి పెంపకం ఎలా జరిగింది? మన ఊళ్ళో, మన ఉప్పు గాలిలో అది ఎన్నాళ్ళు బతుకుతుంది? కొనేవాళ్ళు మొదటిదే అడుగుతారు. అమ్మేవాళ్ళు కూడా హాయిగా మొదటిదానికే జవాబు చెబుతారు. డబ్బులు పోయేది మాత్రం దాదాపు ఎప్పుడూ రెండోదాని దగ్గర.

మొదటి ప్రశ్నకి జనం చూపించే సాక్ష్యం, జర్మనీలో బండ్లు తనిఖీ చేసే టీయూవీ సంస్థ రిపోర్టు. అక్కడ కారు రోడ్డు మీద తిరగాలంటే మామూలుగా రెండేళ్ళకోసారి తనిఖీ చేయించుకోవాలి. ఆ ఫలితాల్ని మోడళ్ళవారీగా పోగేసి ఏటా ప్రకటిస్తారు. పాత కార్ల జాబితాల్లో పోర్షే వాళ్ళదే ఇంకో స్పోర్ట్స్ కారు 911 చాలా ఏళ్ళు పైవరసలోనే ఉంటూ వచ్చింది. మరి అంతకన్నా ఏం కావాలి అంటారు. కానీ ఆ తనిఖీలో చూసేది బ్రేకులు, లైట్లు, సస్పెన్షన్, తుప్పు, పొగ. సిలిండరు గోడ మీద గీతలు పడ్డాయా లేదా అని ఎవరూ లోపలికి తొంగి చూడరు. పైగా 911 కొన్నవాడికి అది రెండో కారో మూడో కారో అయి ఉంటుంది. వానలో తీయడు, షెడ్డులో దాచుకుంటాడు, సర్వీసు తప్పడు. అవి కారుకి వేసిన మార్కులని మనం అనుకుంటాం గానీ అందులో సగం యజమానివి.

దీనికి తలకిందుల పొరపాటు ఇంకోటుంది. నెట్‌లో చూస్తే ఈ ఇంజిన్లన్నీ పేలిపోయే బాంబుల్లా కనిపిస్తాయి. పెళ్ళిలో భోజనం బాగుంటే ఎవరూ మాట్లాడరు, పప్పులో ఉప్పెక్కువైతే పదేళ్ళు చెప్పుకుంటారు. ఇదీ అంతే.

ఇంతకీ బాక్‌స్టర్ పుట్టులోపం ఏమిటి? ఇంజిన్లో క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడుని వాల్వుల్ని నడిపే గొలుసులకి అందించడానికి మధ్యలో ఇంకో షాఫ్టు ఉంటుంది, ఇంటర్మీడియట్ షాఫ్ట్ అంటారు. దాని చివర ఒక సీల్డ్ బేరింగ్. లోపల గ్రీజు పెట్టి మూసేశారు. ఏళ్ళు గడిచేకొద్దీ వేడి ఆయిల్ సీలు దాటి లోపలికి చేరి గ్రీజుని కడిగేస్తుంది. కొత్త ఆయిల్ ధారాళంగా వచ్చిపోవడానికి అదే సీలు అడ్డం. చివరికి బేరింగ్ పొడిబారి విరిగితే గొలుసు లెక్క తప్పి, వాల్వులు పిస్టన్లకి తగిలి, ఇంజిన్ మొత్తం పోతుంది. 2000ల మొదట్లో వాడిన చిన్న బేరింగ్‌తో ఈ బాధ ఎక్కువ. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కార్ల విషయంలో అమెరికాలో కేసు వేస్తే, 2013లో రాజీ కుదిరింది. 2006 నుంచి పెద్ద బేరింగ్ పెట్టారు. అది పోవడం చాలా అరుదు, కానీ మార్చాలంటే ఇంజిన్ రెండుగా విప్పాల్సిందే. 2009 మోడళ్ళ నుంచి కొత్త ఇంజిన్ వచ్చింది, అందులో ఆ షాఫ్టే లేదు.

అంటే మావాడు చూస్తున్న 2008 బండి ఈ విషయంలో కాస్త నయం. అయితే అది 2.7 లీటర్లదా, 'ఎస్' అనే 3.4 లీటర్లదా అన్నది మళ్ళీ వేరే కథ. ఆ తరం 3.4, 3.8 ఇంజిన్లలో సిలిండరు గోడలు గీసుకుపోవడం వినిపిస్తుంది. మన మెకానిక్కులు 'బోరు దెబ్బతింది' అనేది ఇదే. చల్లగా ఉన్న ఇంజిన్‌ని స్టార్ట్ చేసిన వెంటనే బాదేయడం, ఆయిల్ మార్చకుండా లాగించడం దీనికి తోడవుతాయి. 2.7లో ఇది తక్కువ. ఒకే పేరు, ఒకే ఏడాది, ఒకే రూపం. అయినా రెండు ఇంజిన్ల జాతకాలు వేరు. 'పోర్షే మంచిదా' అని అడిగితే జవాబు రాకపోవడానికి ఇదొక కారణం.

మిగతా కంపెనీల స్పోర్ట్స్ కార్ల సంగతి గబగబా చెప్పేస్తాను. రెండో తరం ఆడి టీటీలో తొలినాళ్ళ 2.0 టర్బో ఇంజిన్‌కి, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కీ పెట్రోల్ పంపుకీ మధ్య చిన్న గిన్నెలాంటి ముక్క ఉంటుంది. అది అరిగిపోతే క్యామ్‌షాఫ్ట్‌ని తినేస్తుంది. విప్పి చూడటం పెద్ద పని కాదు, ముక్క ఖరీదూ తక్కువే. అది ఎప్పుడు మార్చారో చెప్పలేని యజమాని ఇంకేవీ మార్చి ఉండడు. రెండో తరం మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కేలో 2006 దాకా వచ్చిన వీ6 ఇంజిన్లకి, అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్ళచక్రం మెత్తగా వచ్చింది, అరిగితే ఇంజిన్ దింపాలి. బీఎండబ్ల్యూ జెడ్4 35ఐకి హై ప్రెజర్ పెట్రోల్ పంపు, నీళ్ళ పంపు. నిస్సాన్ 370జెడ్‌కి క్లచ్ హైడ్రాలిక్ సిలిండరు, అది గేరుబాక్సు లోపల ఉంటుంది కాబట్టి చిన్న వస్తువైనా పెద్ద కూలి. ప్రతి బండికీ ఇలాంటిది ఒకటో రెండో ఉంటాయి. పుట్టులోపం తెలిసిన బండి అంటే నాకు భయం లేదు. ఎక్కడ చూడాలో ముందే తెలుసు కాబట్టి.

అసలు భయం '28 వేలే తిరిగింది' అన్న మాట దగ్గర.

మనకి తక్కువ తిరిగిన బండి అంటే మోజు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళలో 28 వేలంటే ఏడాదికి 1,600 కిలోమీటర్లు. భీమవరం నుంచి హైదరాబాద్‌కి రెండుసార్లు వెళ్ళొస్తే సరిపోయేంత. మిగతా రోజులన్నీ ఆ బండి నిలబడే ఉంది. రబ్బరుకీ ప్లాస్టిక్‌కీ వయసు కిలోమీటర్లలో రాదు, ఏళ్ళలో వస్తుంది. కూలెంటు గొట్టాలు, ఇంజిన్ మౌంటులు, బుష్షులు, ఆయిల్ సీళ్ళు కదలకపోయినా ఎండిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ట్యాంకులో పెట్రోలూ ఊరుకోదు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది, ఇథనాల్‌కి తేమంటే ప్రాణం. మనదేశంలో కార్లు ఈ పెట్రోలుకి తగిన రబ్బరు, సీళ్ళతో రావడం 2023 నుంచి రూలైంది. 2008 బండి పైపులు దానికోసం చేసినవి కావు. రోజూ తిరిగి, ట్యాంకు ఖాళీ అవుతూ నిండుతూ ఉండే బండికంటే, అరట్యాంకుతో ఆరు నెలలు నిలబడ్డ బండికి ఇది ఎక్కువ చేటు.

దుక్కికి కట్టని ఎద్దుని ఎవరైనా సంబరంగా కొంటారా? నడిపించి చూస్తారు, పళ్ళు చూస్తారు, సుళ్ళు చూస్తారు. కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం మీటరు చూసి మురిసిపోతాం.

ఆ మీటరైనా నిజం చెబుతోందా? దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. ఈ తరం పోర్షేల ఇంజిన్ కంప్యూటరు తనలో తాను రెండు లెక్కలు రాసుకుంటుంది. ఒకటి, ఇంజిన్ పుట్టిన దగ్గర్నుంచి మొత్తం ఎన్ని గంటలు నడిచిందో. రెండోది, ఇంజిన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) హద్దు ఎన్నిసార్లు దాటిందో, ఆఖరిసారి ఏ గంట దగ్గర దాటిందో. సరైన స్కానర్ తగిలిస్తే రెండూ బయటికొస్తాయి. మీటరు తిప్పేవాళ్ళు ఎక్కువగా డాష్‌బోర్డు అంకెతో సరిపెట్టేస్తారు, ఈ గంటల దాకా వెళ్ళరు.

ముంబైలో తెలిసిన మెకానిక్ ఒకరిని పంపి చదివించాం. గంటలు 2,610 అని వచ్చింది. 28 వేల కిలోమీటర్లని 2,610తో భాగిస్తే గంటకి పదకొండు కిలోమీటర్లు కూడా రాదు. మన సైకిలు వేగం. ముంబై ట్రాఫిక్ ఎంత ఘోరమైనా సగటున 20 వేసుకుందాం, అప్పుడు 52 వేలు తిరిగి ఉండాలి. హైవే కూడా కలిపి 30 వేసుకుంటే 78 వేలు.

"అయితే మీటరు తిప్పేశారన్నమాట" అన్నాడు మావాడు.

అలాగనీ ఖాయంగా చెప్పలేం. ఇంకో వీలుంది. కొన్ని ఇళ్ళల్లో డ్రైవరు వారానికి మూడుసార్లు కారు స్టార్ట్ చేసి, అరగంట అలాగే ఉంచి, ఆపేస్తాడు. బ్యాటరీ చచ్చిపోకుండా. కిలోమీటర్లు పెరగవు, గంటలు పెరుగుతాయి. వినడానికి అమాయకంగా ఉంది గానీ ఇంజిన్‌కి ఇంతకన్నా చెడ్డ అలవాటు తక్కువ. నిలబెట్టి నడిపితే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరి కాదు, కాలని పెట్రోలు సిలిండరు గోడల మీంచి జారి ఆయిల్లో కలుస్తుంది. అంటే మీటరు అబద్ధమైనా కావాలి, లేదా బండి ఏళ్ళ తరబడి చెడ్డ నిద్రలో ఉండి ఉండాలి. రెండింట్లో ఏదైనా '28 వేలే' అన్న మాటకి అదనంగా పైసా ఇవ్వక్కర్లేదు.

రెండో లెక్క గురించీ ఒక మాట. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిన్ ఒక హద్దు దగ్గర తనే ఆగుతుంది. హద్దు ఎంత దాటిందన్నదాన్ని బట్టి కంప్యూటరు మెట్లుగా రాసుకుంటుంది. అందుకని కింది మెట్లలో కొన్ని నమోదైతే కంగారు లేదు. పై మెట్లలో నమోదు కావాలంటే ఒకటే దారి, మాన్యువల్ బండిలో నాలుగు వేయబోయి రెండో గేరు వేసేయడం. అప్పుడు చక్రాలే ఇంజిన్‌ని బలవంతంగా తిప్పుతాయి, ఏ కంప్యూటరూ ఆపలేదు. అది వెయ్యో గంటలో జరిగి ఆ తర్వాత వెయ్యి గంటలు బండి బాగానే నడిస్తే గండం గడిచినట్టే. పోయిన నెలలో జరిగి ఉంటే, ఎందుకు అమ్ముతున్నారో అదే చెబుతోంది.

స్కానర్ లేనివాళ్ళకి కళ్ళున్నాయి. టైరు పక్కన చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. ఎంత మందం మిగిలినా ఆరేళ్ళు దాటిన టైరుతో ఇలాంటి బండిని తోలకూడదు. సీటు బెల్టు కింద కుట్టిన చీటీ మీద తయారీ తేదీ ఉంటుంది, అది బండి వయసుకంటే కొత్తదైతే గుద్దుడేదో జరిగింది. పెయింటు మందం కొలిచే మీటరు చిన్నదే, కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క తలుపు మీద 400 చూపిస్తే కింద టింకరింగ్ జరిగింది.

అన్నిటికన్నా ముఖ్యం, మీరు వెళ్ళేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచితే మర్నాడు మళ్ళీ వస్తామని చెప్పి వచ్చేయండి. గొలుసు చప్పుడు, టకటక, తెల్లపొగ, నీలంపొగ అన్నీ పొద్దున్న మొదటి సెల్ఫ్‌కే బయటపడతాయి. బాక్‌స్టర్‌తో ఇక్కడో తమాషా ఉంది: ముందు మూత ఎత్తినా డిక్కీయే, వెనక మూత ఎత్తినా డిక్కీయే. ఇంజిన్ సీట్ల వెనక మధ్యలో ఉంటుంది, మామూలుగా కనిపించదు. అందుకని బండిని లిఫ్టు ఎక్కించకుండా చూశామనడానికి లేదు. లిఫ్టు ఎక్కిస్తే ఆయిల్ ఫిల్టర్ విప్పించండి. లోపల కాగితం మడతలు విడదీసి వెలుతురులో చూడాలి. మెరిసే రవ్వలు ఉన్నాయా, అయస్కాంతానికి అంటుకుంటున్నాయా? అంటుకుంటే ఉక్కు, అంటే బేరింగో గొలుసో. అంటుకోకపోతే అల్యూమినియం కావచ్చు, అప్పుడు పిస్టన్లనీ సిలిండర్లనీ అనుమానించాలి. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లోంచి సన్నటి కెమెరా దించితే సిలిండరు గోడలు కనిపిస్తాయి. ఈ పరీక్షలకి ఒప్పుకోని అమ్మకందారుతో ఇక మాట్లాడే పనిలేదు.

మునిగిన బండిని పట్టుకోవడం మాత్రం మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. లంకల్లో గోడల మీద 1986 ఆగస్టు వరద గీతలు చూస్తూ పెరిగినవాళ్ళం, 2022 జూలైలో మళ్ళీ చూశాం. కార్లలోనూ నీళ్ళు అలాగే గీత వదిలి వెళ్తాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. పై మూర శుభ్రంగా ఉండి కింది మూర మసకగా ఉంటే అదే నీటి మట్టం. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, తివాచీ కింద ఒండ్రు, వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ కింద డబ్బిచ్చేస్తారు. ఆ బండి మాత్రం తుక్కులోకి పోదు. వేలంలో ఎవరో కొంటారు, కడుగుతారు, ఇంకో రాష్ట్రంలో అమ్ముతారు. 2015లో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడ గుర్తుంచుకోండి. ఖరీదైన కార్లలో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ కాబట్టి అవే ముందు టోటల్ లాస్ అవుతాయి, అవే ముందు 'మంచి బేరాలు' అవుతాయి.

కాగితాల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఏజెంటు మీకు ఎక్కువే చెబుతాడు. 2008 బండికి 2023లోనే పదిహేనేళ్ళు నిండాయి. ఆర్సీ రెన్యువల్ అయిందా అన్నది మొదటి ప్రశ్న, అవకుండా బండిని వేరే రాష్ట్రానికి మార్చుకునే ఎన్‌వోసీ గురించి మాట్లాడటం దండగ. ఇక్కడికి తెచ్చి ఏడాది దాటి ఉంచుకుంటే మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఢిల్లీ బండి చవగ్గా వస్తోందంటే ఆశ్చర్యపోకండి, అక్కడ పదిహేనేళ్ళ పెట్రోలు బండ్ల మీద కోర్టు ఆంక్షలు వచ్చాక ఆ వయసు దగ్గరపడ్డ కార్లన్నీ దక్షిణానికి నడక మొదలుపెట్టాయి. విదేశం నుంచి నేరుగా వచ్చిన బండి అయితే కస్టమ్స్ కాగితం చూపించమనండి. టూరిస్టు పర్మిట్ మీద తాత్కాలికంగా తెచ్చి, వెనక్కి పంపకుండా అమ్మేసిన కార్లు ఈ దేశంలో పట్టుబడ్డాయి. దుబాయ్ నుంచి మనవాళ్ళెవరో తెచ్చారన్న కథ కోనసీమలో ఇట్టే నమ్మేస్తారు, అందుకని చెబుతున్నాను.

ఇక మూడో ప్రశ్న, మన ఊళ్ళో అది ఎలా బతుకుతుంది? కారు ఎక్కడ పెడతావురా అంటే మావాడు చెరువు దగ్గర గోడౌన్లో అన్నాడు. అక్కడ మేత బస్తాల పక్కనే బ్లీచింగ్ పౌడరు డబ్బాలుంటాయి. మూత సరిగా లేని డబ్బా నుంచి వచ్చే క్లోరిన్ ఆవిరి తాళం కప్పలనే తినేస్తుంది, వైర్ల చివరలు ఒక లెక్కా? మేత ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట వైర్లుండవు. బాక్‌స్టర్ రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఉంటాయి. గాలి రంధ్రాల్లోంచి ఆకులూ చెత్తా లోపలికి చేరి, తడిసి, అక్కడే మురిగి ఏసీ కండెన్సర్‌ని చిల్లులు పెడతాయి. ఏడాదికోసారి బంపర్ విప్పి శుభ్రం చేయించాలి. బాక్‌స్టర్‌లా పైకప్పు మడిచే కార్లలో వాన నీళ్ళు పోయే సన్నటి గొట్టాలుంటాయి, అవి పూడుకుంటే నీళ్ళు సీట్ల కిందికి వస్తాయి.

దారిలో ఆగిపోతే? నేలకి జానెడు ఎత్తు కూడా లేని బండిని ట్రాక్టరుకి తాడు కట్టి లాగలేం. ఫ్లాట్‌బెడ్ ఎక్కించి పట్నం పంపాలి. నా లెక్క ప్రకారం కొన్న ధరలో నాలుగో వంతు పక్కన పెట్టుకోనివాడు ఇలాంటి బండి జోలికి వెళ్ళకూడదు. 20 లక్షలుంటే 16 లక్షల బండి చూసుకోవాలి. ఇది చెప్పినప్పుడు మావాడి మొహం కాస్త చిన్నబోయింది.

ముంబై బండి వదిలేశాడు. ఆ మర్నాడే బ్రోకరు ధర మూడు లక్షలు తగ్గించాడు, అయినా వదిలేశాడు. ఇప్పుడు కోయంబత్తూరులో ఇంకోటి చూస్తున్నాడు: 2010 మోడలు, 71 వేలు తిరిగింది, ఒకే యజమాని, ప్రతి ఏడాదీ ఆయిల్ మార్చిన బిల్లు ఉంది. "ఎక్కువ తిరిగింది కదా బావా" అని వారం రోజులు నసిగాడు. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. తమిళ పేపరు మీద ఆయిల్ ఫిల్టర్ మడతలు పరిచి ఉన్నాయి, మధ్యలో రెండు మెరుపులు. కింద ఒకటే ప్రశ్న, "ఇది ఉక్కా, అల్యూమినియమా?"

అయస్కాంతం పెట్టి చూడమన్నాను. మెకానిక్ దగ్గర లేదంట, స్పీకర్ విప్పి తీస్తున్నారంట.